వంశవృక్షములో స్త్రీల పేళ్లు

పెద్ద యిండ్ల వంశచరిత్రములను చదువునపుడు మనకొక లోపము గోచరించును. ఫలానావారికి ఫలానావారు పుత్రులు, వారికి మరల ఫలానావారు పుత్రులు అని పది తరముల పేళ్లు వరుసగా నుండును. పొందిన బిరుదములు, ఏలిన గ్రామములు, కట్టించిన గుడులు అన్నియు నుండును. ఆ పుత్రులను గన్న తల్లుల పేళ్లు మాత్రము వెదకినను దొరకవు. రఘువంశమును చదివిన సోదరీమణులకు దాని కడపటి సర్గము జ్ఞప్తియందుండును. అగ్నివర్ణుడు క్షయరోగమున గతింపగా, గర్భవతియైన యతని రాణియే సింహాసనమెక్కి, వృద్ధమంత్రుల సాహాయ్యమున రాజ్యమును పాలించెను. దిలీపుడు మొదలు అంతమంది రాజుల కథ చివరకొక స్త్రీ చేతిలో నిలిచినది. అయినను మహాకవి యామె పేరు చెప్పలేదు.

ఈ విషయమును మనసునందుంచుకొని, మేము రెండు గొప్ప కుటుంబముల వృత్తాంతమును విన్నవింపదలచితిమి. ఒకటి ఇంగ్లండు దేశపు క్లైవు ప్రభువులది. రెండవది మన గుంటూరు సీమలోని వాసిరెడ్డి వారిది. ఒకే కాలమున, ఒకే చెన్నపట్టణపు ప్రభుత్వముతో ఈ రెండు కుటుంబములకును సంబంధము కలిగినది. కొడుకు లేని యింటి పేరు నెవరు నిలుపవలెనను ప్రశ్నయు రెండింటను బుట్టినది.

ఇంగ్లండు బిరుదముల వరుస

ఇంగ్లండున ప్రభువుల బిరుదములు అయిదు తరగతులు. డ్యూకు అన్నిటికంటె పెద్దది. తరువాత మార్క్విసు, ఎర్లు, వైకౌంటు, బారను అని వరుసగా దిగివచ్చును. రాజు ముద్రవేసి యిచ్చిన పత్రము వలన బిరుదము కలుగును. అది యెవరికి సంక్రమింపవలయునో ఆ పత్రమునందే వ్రాయబడి యుండును. సాధారణముగా బిరుదము పొందినవాని కడుపున బుట్టిన మగ సంతతికే, అందును జ్యేష్ఠునికే అది చెందును. తమ్ములకు బిరుదము లేదు. మన యిండ్లలో అన్నదమ్ములు పొలము పంచుకొనునట్లు వారు బిరుదమును పంచుకొనరు.

భార్యకు భర్త తరగతి వచ్చును. ఎర్లు భార్య కౌంటెసు అనబడును. ఎర్లు కుమార్తెలు పేరునకు ముందు ‘లేడీ’ యని చేర్చుకొందురు. అంతకుమించి కుమార్తెకు చెందునది మిక్కిలి తక్కువ. ఆమె ద్వారా బిరుదము సంక్రమించుట అరుదు. పెంచుకొన్న బిడ్డకైతే అది అసలే చెల్లదు. ఇంగ్లండులో దత్తతకు చట్టమే 1926 వరకు లేదు. 2004లో వెలువడిన రాజాజ్ఞ వలన పెంపుడు బిడ్డలు పేరునకు ముందుంచు గౌరవపదములను వాడుకొనవచ్చును గాని, బిరుదమునకు వారసులు కాజాలరు. పుత్రుడు లేనివాడు పుత్రుని స్వీకరించి పిండోదకములకు లోపము రాకుండ జూచుకొను మన ధర్మమునకును దీనికిని ఎంత భేదమున్నదో చూడుడు.

క్లైవు వారు

రాబర్టు క్లైవు పేరు విననివారు అరుదు. 1757లో ప్లాసీ యుద్ధమును గెలిచి వంగదేశమును కుంపిణీ చేతిలో బెట్టిన వాడతడే. మొగలాయి మర్యాద ననుసరించి అతనికి ‘సాబత్ జంగు బహద్దరు’ అను బిరుదము కలిగినది. సాబత్ జంగనగా యుద్ధమున చలింపనివాడని భావము. 1762లో అతనికి ప్లాసీ బారను అను ఐర్లండు ప్రభుబిరుదము వచ్చినది. ఐర్లండులో తాను కొనిన యెస్టేటుకు అతడు ప్లాసీ యనియే పేరు పెట్టెను. ఆ విధముగా వంగదేశపు పల్లె పేరు పడమటి సముద్రము దాటి ఐర్లండు పొలములకు చేరినది.

ఇతని కుమారుడు ఎడ్వర్డు క్లైవు. ఇతడు 1784లో హెన్రియెట్టా హెర్బర్టు అను నామెను పెండ్లాడెను. ఆమె పొవిస్ ఎర్లు కుమార్తె. ఆమె పుట్టినింటివారు వేల్సు దేశమున పొవిస్ అను కోటకు ప్రభువులు, ప్రాచీన వంశజులు. మెట్టినింటివారు ధనవంతులే గాని, ఇండియాలో గడించిన ధనముతో నిన్న మొన్న పైకి వచ్చినవారు. ఒకరికి కులగౌరవమును, మరియొకరికి ధనమును ఉన్నవి. ఇట్టి సంబంధములు మన జమీందారీలలోను జరిగినవే.

1798లో ఎడ్వర్డు క్లైవు చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చి 1803 వరకు నుండెను. భార్యయు, ఇద్దరు కుమార్తెలును వెంటవచ్చిరి. హెన్రియెట్టా గవర్నరు భవనమున వృథాగా కూర్చుండలేదు. పారసీభాష నభ్యసించెను. గవ్వలను, శిలలను సేకరించెను. శ్రీరంగపట్టణము పడిపోయిన మరుసటి యేడు, అనగా 1800లో, కుమార్తెలను వెంటబెట్టుకొని చెన్నపట్టణమునుండి బెంగుళూరు, శ్రీరంగపట్టణము, కోయంబత్తూరు, తిరుచిరాపల్లి, తంజావూరు చుట్టి నెలల తరబడి ప్రయాణము చేసెను. ఆమె దినచర్య వ్రాసెను. పండ్రెండేండ్ల బాలికయైన చిన్న కుమార్తె షార్లటు సయితము తాను చూచినదంతయు వ్రాసి పెట్టెను.

ఇంతలో 1801లో హెన్రియెట్టా సోదరుడు, అప్పటి పొవిస్ ఎర్లు, పెండ్లిలేకయే మరణించెను. పుత్రుడు లేనందున ఎర్లు బిరుదము అతనితోనే ముగిసినది. అక్కడి మర్యాద ప్రకారము సోదరికి అది రాదు. కాని పుట్టినింటి యాస్తి ఆమె బిడ్డల వైపు మరలినది. 1804లో రాజు పొవిస్ ఎర్లు అను బిరుదమునే క్రొత్తగా సృష్టించి ఆమె భర్తకిచ్చెను. భర్త పొందినను అది భార్య పుట్టినింటి పేరే గదా! వారి పెద్దకుమారుడు మేనమామ యాస్తికి వారసుడగుటకై 1807లో రాజానుమతితో క్లైవు అను ఇంటిపేరును విడిచి హెర్బర్టు అను పేరు ధరించెను. ప్లాసీ యుద్ధముచేత లోకమంత మ్రోగిన పేరు, తల్లి పుట్టినింటి పేరునకు చోటిచ్చి తొలగినది. వంశావళి పట్టికలో తండ్రి క్రింద కొడుకని వ్రాసిన గీత సూటిగా కనబడును. దాని వెనుక ఒక యాడుబిడ్డ నిలిచియున్న సంగతి గీతలో కనబడదు.

చిన్న కుమార్తె షార్లటు తరువాత నార్తంబర్లండు డచెస్సు అయ్యెను. మహారాణి కాకముందు విక్టోరియా బాలికకు శిక్షకురాలుగా నుండెను. ఎఱ్ఱని, నారింజవన్నె పూలు పూచు ‘క్లైవియా’ అను మొక్కకు ఆమె పుట్టినింటి పేరు మీదనే 1828లో పేరు పెట్టిరి. కొడుకు విడిచిన యింటిపేరు కూతురి మూలమున పూవునందు నిలిచినది. నేడు తోటలు పెంచువారు ఆ పేరు పలుకుచునే యున్నారు.

వాసిరెడ్డి వారు

ఎడ్వర్డు క్లైవు గవర్నరుగా నున్న దినములలోనే, 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను ననుసరించి, చెన్నరాజధానిలో శాశ్వత పైసలా యేర్పడినది. జమీందారులకు సన్నదు లిచ్చి, వారు చెల్లింపవలసిన పేష్కస్సును స్థిరపరచిరి. గుంటూరు సర్కారు అంతకు ముందే 1788లో కుంపిణీ వశమైయుండెను. ఈ సీమ జమీందారులలో అగ్రగణ్యుడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు.

వాసిరెడ్డి వారు గోలకొండ ప్రభువుల కాలమునుండి కృష్ణాతీరమున దేశముఖులుగా నుండిరి. దేశముఖుడనగా పరగణా శిస్తు వసూలునకు బాధ్యుడైన పెద్ద. వేంకటాద్రినాయుని బిరుదములలో ‘మన్నె సుల్తాను బహద్దరు’ అనునది ప్రసిద్ధము. ఒక్కొక్క మాటను విడదీసి చూచిన, మన దేశచరిత్ర యంతయు నందు కనబడును. ‘రాజా’ సంస్కృతము. ‘నాయుడు’ నాయక శబ్దభవము. ‘మన్నె’ యనగా కొండలును అడవులును గల మన్యపు దొరతనము. ‘సుల్తాను’ అరబ్బీ మాట. ‘బహద్దరు’ పారసీకుల నుండి వచ్చిన శూరవాచకము. ప్లాసీ క్లైవునకును, గుంటూరు నాయనివారికిని ‘బహద్దరు’ ఒక్కటే యగుట గమనింపదగినది. బిరుదముల కొలువున దొరయు, దేశీయుడును ఒకే మర్యాదకు లోబడిరి.

వేంకటాద్రినాయుడు 1761లో జగ్గన్న, అచ్చమ్మ దంపతులకు జన్మించెను. చిన్ననాటనే తండ్రిని గోల్పోయెను. తల్లి సహగమనము చేసెనని చెప్పుదురు. ఆ తల్లిదండ్రులను మరువక, పెరిగి పెద్దవాడై, తండ్రి పేర జగ్గయ్యపేటను, తల్లి పేర అచ్చంపేటను నిలిపెనని స్థలచరిత్రలు చెప్పును. వంశావళిలో తల్లుల పేళ్లు మాసిపోవు కాలమున, ఒక తల్లి పేరు ఊరై నిలిచినది.

ఇతడు చింతపల్లిని విడిచి అమరావతియందు క్రొత్త పట్టణమును నిర్మించెను. అచ్చటి దీపాలదిన్నె త్రవ్వించుచుండగా చెక్కడపు పలకలు బయటపడెను. ఆ వార్త విని 1797లో కర్నలు మెకంజీ వచ్చి చూచెను. ఆ విధముగానే బౌద్ధస్తూపము లోకమునకు తెలిసినది. చెంచుల నెందరినో వధింపించిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా నాయనివారు దేవాలయములను కట్టించెనని జనులు చెప్పుకొందురు. కారణమేమైనను ఆ గుడులు నిలిచియున్నవి. మంగళగిరిలో పదునొకండు అంతస్తులతో 153 అడుగుల యెత్తున నిలిచిన గాలిగోపురము ఆయన కట్టించినదే. మా యీపురుపాలెమునుండి గుంటూరికి పోవువారు బాపట్ల, పొన్నూరు దాటి చేబ్రోలు చేరుదురు. అచ్చట కోనేటి నడుమ నున్న చతుర్ముఖ బ్రహ్మేశ్వరాలయమును ఆయన కట్టించినదే. బ్రహ్మకు గుడి యుండుట అరుదగుటచేత, ఆ త్రోవన పోవు స్త్రీలు దిగి చూచి పోవుదురు.

ఇంతటి ప్రభువునకు కన్నకొడుకు లేడు. ముందుగా జగన్నాథబాబును, కొంతకాలమునకు రామనాథబాబును దత్తత చేసికొనెను. 1816లో ఆయన స్వర్గస్థుడు కాగా దత్తపుత్రు లిద్దరికిని వ్యాజ్యము పుట్టినది. మొదటి దత్తుడు జీవించియుండగా రెండవవానిని తెచ్చుకొనుట చెల్లునా, చెల్లదా యనునది ప్రశ్న. పండితులు ధర్మశాస్త్రములను తిరుగవేసిరి. కోర్టులు మారెను. జగన్నాథబాబును గతించెను. అప్పుడు వ్యాజ్యభారము ఆ యింటి స్త్రీల మీద పడినది. రంగమ్మగారొక వంకను, అచ్చమ్మగారొక వంకను నిలిచిరి. ఘోషాలో నుండి, కోర్టు గడప త్రొక్కని యా స్త్రీల పేళ్లతోనే లండను నగరమునందలి ప్రీవీ కౌన్సిలునకు కాగితములు పోయినవి.

1846లో తీర్పు వచ్చినది. దత్తుడైనను పుత్రుడే గనుక, అతడు పుత్రస్థానమున నుండగా మరియొకని దత్తత చెల్లదని ప్రీవీ కౌన్సిలువారు నిర్ణయించిరి. నాటినుండి దేశమంతట న్యాయవాదులు దత్తతను గూర్చి వాదించునపుడెల్ల ‘రంగమ్మ–అచ్చమ్మ’ వ్యాజ్యమును ఉదాహరించుచు వచ్చిరి. వేంకటాద్రినాయని తల్లి అచ్చమ్మ పేరు ఊరికి నిలిచినది. ఆమె మనుమని భార్యయైన యీ అచ్చమ్మ పేరు ధర్మశాస్త్ర గ్రంథములకు నిలిచినది.

కాని తీర్పు వచ్చునప్పటికి మిగిలినదేమి? ముప్పదియేండ్లు వ్యాజ్యము సాగినది. నడుమ 1832–33లో నందన కరువు వచ్చి గుంటూరు సీమను శ్మశానము చేసినది. పన్ను బాకీలు పెరిగినవి. గుంటూరు వ్యవహారములను విచారించుటకు వచ్చిన వాల్టరు ఎలియటు 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించి పలకలను చెన్నపట్టణమునకు పంపెను. అవి పిమ్మట లండను మ్యూజియమునకు చేరినవి. జమీందారీ సంగతియు నించుమించు నట్లే యైనది. 1850 నాటికి గుంటూరు సీమలోని పెద్ద జమీందారీలు బాకీల క్రింద కుంపిణీ చేతిలోనికి పోయినవి. అన్నదమ్ముల తగవునకు కోర్టు న్యాయము చెప్పగలిగినది గాని, తగవులో కరిగిపోయిన యాస్తిని తిరిగి యియ్యలేకపోయినది.

పడుగును పేకయు

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒక చోట బిరుదము రక్తసంబంధమునే కోరినది. ఆ రక్తము స్త్రీ ద్వారా వచ్చినదగుటచేత రాజు బిరుదమును మరల క్రొత్తగా పుట్టింపవలసి వచ్చెను. మరియొక చోట శాస్త్రము దత్తపుత్రునికి కన్నపుత్రుని గౌరవమే యిచ్చినది. ఆ గౌరవము పూర్ణమైనందుననే రెండవ దత్తతకు చోటు లేకపోయెను. పద్ధతులు వేరైనను రెండిండ్లలో సంధిస్థానమున స్త్రీయే యున్నది. మా ప్రాంతమున మగ్గము లేని వీధి అరుదు. పడుగు ఎంత పొడవైనను పేక లేక బట్ట కాదని నేతగాండ్ర పిల్లలకును తెలియును. వంశావళి వ్రాసినవారు పడుగు పోగులను మాత్రమే లెక్కించి బట్ట యని పేరు పెట్టినారు.

మన కర్మకాండ మాత్రము ఈ లోపమును కొంత సరిదిద్దినది. తర్పణమునందు తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేళ్లును చెప్పవలయును. మాతామహవర్గము వేరుగా నున్నది. పేరు తెలియక పురోహితుని ముందు తడబడువారు మన యిండ్లలో ఎందరో కలరు. తాతగారి పేరు చెప్పలేనివారు తక్కువ. తాతమ్మ పేరడిగినచో తలవంచువారే యెక్కువ.

కాలము చాల మారినది. 1948లో చెన్నరాజధాని శాసనముచే జమీందారీలు రద్దయినవి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము బిరుదములను తీసివేసినది. 1971లో సంస్థానాధిపతుల భరణములును, గుర్తింపును ముగిసినవి. ఇంగ్లండున బిరుదములు నేటికిని కలవు గాని, 1999లో వంశపారంపర్యపు ప్రభువులలో చాలమంది ప్రభుసభనుండి తొలగింపబడిరి. 1952లో పొవిస్ కోట జాతీయ సంరక్షణసంస్థకు చెందినది. టిప్పుసుల్తాను డేరా యచ్చట చూపరులకు ప్రదర్శింపబడుచున్నది.

బిరుదములు పోయినను వారసత్వము పోలేదు. అది నేడు ప్రతి సామాన్య కుటుంబపు ప్రశ్నయైనది. పూర్వము విధవకు భర్తృధనమున జీవితకాలపు అనుభవమే గాని పూర్తి స్వామ్యము లేదు. రంగమ్మ, అచ్చమ్మల కాలమున పుట్టిన చిక్కులకు ఇదియొక మూలము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి పూర్ణస్వామ్య మిచ్చినది. ఆంధ్రదేశమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు కుమార్తె పుట్టుకతోనే పిత్రార్జితమున కుమారునితో సమభాగస్వామి. 1956 నాటి దత్తత చట్టము విధవకును, అవివాహితకును స్వయముగా దత్తతచేసికొను అధికార మిచ్చినది. 2010 నుండి సువాసినియు భర్త యనుమతితో దత్తత చేసికొనవచ్చును. కుమారుడు గలవారు మరియొక కుమారుని దత్తత చేసికొనరాదను నియమమును ఆ చట్టమునందున్నది. దత్తుడైనను కుమారుడే యని వేరుగ చెప్పనక్కరలేదు. అమరావతి కోడండ్ర వ్యాజ్యమున తేలిన సూత్రము శాసనముగా నేటికిని మన యిండ్లను పాలించుచున్నది.

కనుక మేము రెండు సంగతులను మనవి చేయుదుము. మొదటిది: ఇంటిలో దత్తత గాని, పంపకము గాని జరుగునపుడు పెద్దలు జీవించియుండగనే స్పష్టముగా పత్రము వ్రాయించి రిజిస్టరు చేయించుడు. ఇంటి స్త్రీలను పిలిచి ఆ పత్రమును చదివి వినిపింపుడు. వేంకటాద్రినాయనివంటి మేధావి ఒక్క విషయమున సందిగ్ధత మిగిల్చిపోయినందున, 153 అడుగుల గోపురము నిలిచినదే గాని యెస్టేటు నిలువలేదు.

రెండవది: ప్రతి యింటను ఒక పుస్తకము పెట్టి వంశవృక్షమును వ్రాయుడు. మగవారి పేరు ప్రక్కన భార్య పేరును, ఆమె పుట్టినింటి పేరును, గ్రామమును, గోత్రమును తప్పక చేర్పుడు. కుమార్తెల పేళ్లును, వారి సంతతినిగూడ వ్రాయుడు. ముసలమ్మలకు సంవత్సరపు పేరు జ్ఞాపకముండును గాని ఇంగ్లీషు తేదీ యుండదు. విసుగుకొనవలదు. అరువదియేండ్ల చక్రమును లెక్కించిన సరిపోవును. నందన యన్నచో 1832, 1892, 1952, 2012లలో మొదలైన సంవత్సరములు. ఆమె వయస్సును బట్టి ఏదియో తేలును. గాజుల మలారము, కుట్టుపెట్టె, దేవునిగూడు, తాళపత్రపు కట్ట యిట్టివానిలో చీటీలు దొరకవచ్చును. పెండ్లి శుభలేఖలను పారవేయకుడు. అందు రెండు కుటుంబముల తరములును అచ్చుపడి యుండును.

ఎర్లు బిరుదములు, మన్నె సుల్తాను బిరుదములు మన కక్కరలేదు. కాని రాబోవు తరముల పిల్ల యొకతె ఆ పుస్తకమును విప్పి ‘మా తాతమ్మ పేరిది, ఆమె ఊరిది’ అని చదువుకొనగలిగినచో అంతకంటె గొప్ప సన్నదు ఏ ప్రభువు ఇయ్యగలడు? ఆ పనికి శుభముహూర్తము వెదకనక్కరలేదు. ఇంటి పెద్ద ముత్తైదువ మాటాడగలుగుచుండగనే మొదలుపెట్టుట మంచిది.